ఎవరి బదులు?

"ఎవరి బదులు వెళ్ళేరు మావయ్యా? ఆ ఒక్క పేరూ చెప్పేయండి, మిగతాది నేను చూసుకుంటాను."

పొద్దుటినుంచీ మమత ఈ మాటే తిప్పి తిప్పి అడుగుతోంది. అడగడమేమో కసిరినట్టే ఉంది గానీ గొంతు మాత్రం గుసగుసే. అమ్మవారు పోసిన ఇల్లు మరి, అరవడానికి లేదు. గుమ్మానికి వేపమండ వేలాడుతోంది. లోపలి గదిలో ఏడేళ్ల లచ్చి ఒంటినిండా పొక్కులతో, వేపాకు పరిచిన పక్కమీద మూలుగుతోంది. ఇలాంటప్పుడు ఇంట్లో తాలింపు ఘుమాయించకూడదు, చేప పొయ్యెక్కకూడదు, ఎవరూ ఎవరిమీదా నోరు పారేసుకోకూడదు. మొదటి రెండూ ఎలాగో సాగుతున్నాయి. మూడోదానికే వచ్చింది తంటా.

సింహాద్రి అరుగుమీద కూచుని మనవరాలి కోసం కొబ్బరిబొండం చెక్కుతున్నాడు. చెక్కినచోటే మళ్ళీ చెక్కుతున్నాడు.

"మావయ్యా, మిమ్మల్నే."

"వింటున్నానమ్మా."

"వింటే చాలదండీ, చెప్పాలి."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ దుర్గమ్మకి కోడలిమీద కోపం రావాలి. రావట్లేదు. భయం వస్తోంది.

అమలాపురం నుంచి వచ్చిన ఫోనుతో మొదలైంది ఇదంతా. మాజీ సైనికుల ఆఫీసులో ఆ గుమాస్తా పాపం మర్యాదస్తుడే. "మీరు పెట్టిన అర్జీ పైకి పంపేమమ్మా. పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. శాంతిసేనతో శ్రీలంక వెళ్ళిన ఆ పడవలో ఆరుగురండి. ఆరు పేర్లూ రికార్డులో ఉన్నాయి. మీ మావగారి పేరేమో బెంగుళూరులో ఉండిపోయినవాళ్ళలో ఉంది. ఆయన నిజంగానే వెళ్ళుంటే, ఆ ఆరుగురిలో ఎవరో ఒకరు వెళ్ళనట్టే కదండీ? ఎవరి బదులు వెళ్ళేరో రాసి, సాక్షి చేత సంతకం పెట్టించి శుక్రవారంలోగా పంపండి. లేదంటే ఫైలు మూసేస్తారు" అన్నాడు.

ఆ అర్జీ పెట్టింది మమతే. సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. ఊరందరి అర్జీలూ పెట్టే పిల్ల సొంత మావగారికి పెట్టదా? ఆయన తొడమీద మచ్చ చూసింది. లచ్చికి కథ చెబుతూ చెబుతూ ఆయన ఉప్పునీటి కయ్యల్లో తుపాకీ మోతలు, తిరగబడ్డ పడవ అంటూ నోరుజారడం విన్నది. ఆయన వెళ్ళేడు, ఆఫీసువాళ్ళే రాసుకోలేదు, ఇది రికార్డులో పొరపాటు అని తేల్చేసి, విదేశ్ సేవా మెడల్ ఆయన పేరున చేర్చమని కంప్యూటర్లో కొట్టి పంపేసింది. మంచిపనే. మంచిపనులకే వస్తాయి పుట్టెడు చిక్కులు.

"అయినా ఇందులో బెంగేముంది అత్తయ్యా?" అంది మమత ఇటు తిరిగి. "ఆ పడవలో మా నాన్న ఉన్నాడుగా! ఆయన్ని మించిన సాక్షి ఎవరు? ఫోను చేసేసేను. బయల్దేరేడు."

దుర్గమ్మ చేతిలో గిన్నె గుమ్మానికి తగిలి ఠంగుమంది.

మమత నాన్న అంటే పరాయివాడా, దుర్గమ్మ తోడబుట్టిన అన్న బంగారరాజు. మేనకోడల్నే కోడలిగా తెచ్చుకుంది. ఆ మెడల్ బంగారరాజు ఇంట్లో దేవుడి పటం పక్కన అద్దాలపెట్టెలో ఉంటుంది. ఆయన ముఖంమీద గుంటలు గుంటలుగా మచ్చలుంటాయి. శ్రీలంకలో బాంబు రేకులు తగిలేయని ఊరంతా చెప్పుకుంటుంది. వచ్చే జనవరి ఇరవయ్యారుకి రేవు దగ్గర కడుతున్న ఆర్చీమీద 'వీర జవాన్' అని ఆయన పేరే చెక్కిస్తున్నారు. లచ్చి ఆయన్ని మిలట్రీ తాత అంటుంది. సింహాద్రిని వట్టి తాత అంటుంది. ఇద్దరూ మిలట్రీలో ఒకే కంపెనీలో పడవలు నడిపినవాళ్ళే!

దుర్గమ్మ మొగుణ్ణి కళ్ళతోనే పెరట్లోకి పిలిచింది.

"అన్నయ్య వస్తున్నాడంట."

"విన్నాను."

"ఏం చెబుతారు?"

"నువ్వేం చెప్పమంటావు?"

"ఏం చెప్పకండి! పిల్లకి దిగేదాకా నోరు విప్పకండి. అమ్మవారిమీద ఒట్టేసిన మనిషి మీరు. తల్లి నట్టింట్లో కూచునుండగా ఆ ఒట్టు తీసి గట్టున పెడితే ఊరుకుంటుందా? ఎవరిమీద చూపిస్తుందండీ కోపం? ఆ పసిదాని మీదేగా!"

ఆ మాట పైకి అనేసి దుర్గమ్మ నూతిగట్టుమీద కూలబడింది.

ఆ ఒట్టు నిన్నా మొన్నటిది కాదు. తమ పెళ్ళినాటిది. బావాబావమరుదులిద్దరూ పెళ్ళికి సెలవుమీద వచ్చేరు. పందిరి విప్పకుండానే టెలిగ్రాం వచ్చింది. బంగారరాజు మద్రాసు రేవులో ఓడెక్కాలి, సింహాద్రి బెంగుళూరులో ఉండిపోవాలి. తెల్లారేసరికి బంగారరాజుకి ఒళ్ళంతా అమ్మవారు పోసింది.

ఆస్పత్రిలో చూపించి కాయితం రాయించి పంపితే పోయేది. రోగమొచ్చిన సిపాయిని ఎవరూ ఉరితియ్యరు. ఇంకొకడి పేరు రాసుకునేవారు, ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు. దుర్గమ్మ తల్లి ఒప్పుకుంటేనా? "ఇంటికొచ్చిన తల్లిని సూదులవాళ్ళకి అప్పజెబుతానా? ఈ మాట బయటికి పొక్కితే నా కొడుకు నాకు దక్కడు" అని, కొడుకుని చీకటిపడ్డాక సముద్రపొడ్డున వలల పాకలోకి చేర్చేసింది. ఊరు అతను డ్యూటీకి పోయేడనుకుంది. కొత్తల్లుడి చేత, ఎవరితోనూ చెప్పనని అమ్మవారిమీద ఒట్టు వేయించుకుంది.

సింహాద్రి బెంగుళూరు వెళ్ళేది మద్రాసు మీదుగానే. బావ రాలేడని చెబుదామని రేవులో దిగేడు. ఎందుకు రాలేడంటే ఒట్టు అడ్డం. గుటకలు మింగుతుంటే హవల్దారుకి ఒళ్ళు మండింది. "ఓడ ఆగదు. వాడి బదులు నువ్వెక్కు. కాయితాలు తర్వాత సరిచేస్తాను" అన్నాడు. సరిచెయ్యకుండానే ఆ హవల్దారు లంకలోనే కన్నుమూసేడు. బంగారరాజు అమ్మవారు దిగేక బెంగుళూరు చేరి, సింహాద్రి చెయ్యాల్సిన పనేదో చేస్తూ నోరు మూసుకున్నాడు. మెడల్ మాత్రం కాయితంలో పేరు చూసుకుని వచ్చింది.

"అర్జీ వద్దనే అన్నాను దుర్గా, కోడలు పెడతానంటే" అన్నాడు సింహాద్రి.

"అన్నారు. గట్టిగా అనలేదు."

పక్కింటివాళ్ళ కోడి ఒకటి దడి సందులోంచి వచ్చి బొండం చెక్కులు కెలికి పోయింది.

"ఆయ్. అనలేదు" అన్నాడు.

"ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెందుకండీ మీకు?"

"ఆగస్టు పదిహేనున బళ్ళో జెండా కాడ సర్పంచిగారు మీ అన్నయ్యకి దండేసి, నన్ను చూపించి 'ఈయన బెంగుళూరులో బంగాళాదుంపలు వలిచేరు' అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. నాకేం అనిపించలేదు, నిజం. ఇంటికొచ్చేక లచ్చి నా ఒళ్ళో కూచుని 'తాతా, ఎన్ని దుంపలు వలిచేవు?' అనడిగింది." ఆయన బొండం ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "దానికి అబద్ధం చెప్పలేకపోయేను, నిజం చెప్పలేకపోయేను. ఊరు పోనీ దుర్గా. దానికి తెలిస్తే చాలనిపించింది."

దుర్గమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. మొగుడా, అన్నా? మొగుడి పక్కన నిలబడితే అన్న ఊళ్ళో దొంగవుతాడు, కోడలు తలెత్తుకోలేదు, కాపురం ఏమవుతుందో తెలీదు. అన్న పక్కన నిలబడితే ఈ మనిషి దుంపలు వలిచినవాడుగానే పోతాడు. అడకత్తెరలో పోకచెక్కకైనా రెండే దెబ్బలు. తనకి మూడోది లోపల వేపాకు పక్కమీద ఉంది.

"ముందు పిల్లకి దిగనివ్వండి" అంది కళ్ళు తుడుచుకుని. అంతకుమించి ఏం తోచలేదు.

బయట బండి ఆగిన చప్పుడైంది.

బంగారరాజు లోపలికి రాలేదు. లచ్చికి పోసిన దగ్గర్నుంచీ దడి బయటే కూచుని పలకరించి పోతున్నాడు. అమ్మవారు పోయనివాళ్ళు లోపలికి రాకూడదని కట్టుబాటు. పెద్దవయసులో వస్తే ప్రాణంమీదికొస్తుందని డాక్టరుగారు కూడా అన్నారు. అందుకే సింహాద్రి కొడుకు శివ, చిన్నప్పుడు పోయనివాడు, లచ్చి సొంత కూతురై ఉండి కూడా రొయ్యలచెరువు షెడ్డులో పడుకుంటున్నాడు. 'నాకూ ఎప్పుడూ పోయలేదు' అని బంగారరాజు ఎన్నేళ్లుగానో చెబుతున్నమాట. అలా చెప్పకపోతే ముఖంమీద మచ్చలకి లెక్క చెప్పాలిగా.

నిజానికి ఆ బాంబు కథ ఆయన కల్పించిందీ కాదు. మెడల్ వచ్చినరోజుల్లో ఎవరో మచ్చలు చూసి "లంకలో తగిలినవాండీ?" అన్నారు. ఈయన కాదనలేదు. అంతే. కాదనని మాట ఇన్నేళ్లకి ఆర్చీ అయి కూచుంది.

శివ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి దడి పక్కన వేసేడు. "కూచో మావయ్యా. నీ చేత్తో నాన్నకి మెడల్ వస్తే జన్మలో మర్చిపోను."

బంగారరాజు కూచున్నాడు. ముడుకులమీద చేతులు పెట్టుకుని దడిలోంచి చెల్లెలి వంక చూసేడు. దుర్గమ్మ తల దించుకుంది.

"ఎలా ఉందమ్మా పిల్లకి?"

"రాత్రి జ్వరం కాస్త తగ్గింది అన్నయ్యా. నీళ్ళు పొయ్యడానికి ఇంకా టైముంది."

"చలిమిడి మొక్కుకున్నావా?"

"మొక్కుకున్నాను."

ఈ మాటలన్నీ అయ్యేదాకా మమత ఓపిక పట్టింది. పట్టలేక దడి దగ్గరకొచ్చింది, ఫోను చేత్తో పట్టుకుని.

"నాన్నా, ఒక్క విషయం. మావయ్య చెప్పట్లేదు. మీ పడవలో రావాల్సినవాడు రాకపోతే ఆయన బదులొచ్చేడు కదా. ఎవరు రానిది?"

బంగారరాజు నవ్వబోయేడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "ఎప్పటి మాటే అది! నాకేం గుర్తు?"

"ఉన్నది ఆరుగురే కదా నాన్నా. ఆరుగురిలో రానివాడు గుర్తుండడా?"

బంగారరాజు కుర్చీలో అటూ ఇటూ కదిలేడు.

"నువ్వు ఉన్నావు. హవల్దారుగారు ఉన్నారు. మిగతా నలుగురి పేర్లూ చెబుతాను, విని చెప్పు పోనీ."

"మమతా, ఊరుకో" అంది దుర్గమ్మ.

"ఎందుకత్తయ్యా ఊరుకోవడం? శుక్రవారం దాటితే ఇంక ఈ జన్మకి రాదు!"

బంగారరాజు జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. దడి ఇవతల సింహాద్రి బొండం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బావాబావమరుదులు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో బతిమాలుకోవడం ఒకరిదే. అది బంగారరాజుది.

"మీ మావయ్య రాలేదే" అన్నాడు బంగారరాజు, ఎవరివంకా చూడకుండా. "బెంగుళూరులోనే ఉన్నాడు."

మమత ముఖం తెల్లబోయింది. "అదేంటి నాన్నా?"

శివకి కోపం వచ్చింది. "మావయ్యా! మా నాన్న అబద్ధాలకోరా మరి?"

"గొంతు తగ్గించరా" అంది దుర్గమ్మ. ఆ మాట అంటున్నప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంట్లో ఇంత అన్యాయం జరుగుతుంటే తను చూసుకునేది గొంతులా?

మమత మావగారి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. వెళ్ళేరా, వెళ్ళలేదా?"

సింహాద్రి బొండంలో నీళ్ళవంక చూస్తూ చిన్నగా అన్నాడు. "వెళ్ళలేదమ్మా. ముసలాణ్ణి, పిల్లకి ఏవో కథలు చెప్పేను. ఆ అర్జీ వెనక్కి తీసేసుకో."

"తొడమీద మచ్చ?"

"చెరువు కాడ ఇనపచువ్వ గీరుకుంది."

మమత కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. నమ్మిన మనిషి చేతుల్లోనే తను వెర్రిదైపోయినట్టు, అవమానంగా, ముక్కు ఎగబీల్చుకుంది. బంగారరాజు బూట్లవంక చూసుకుంటున్నాడు. దుర్గమ్మ ఇలా అయిపోవాలనేగా పొద్దుటినుంచీ దణ్ణాలు పెట్టుకుంది? అయిపోయింది. మరి ఈ మంటేమిటి?

"మిలట్రీ తాతా!"

అందరూ గుమ్మంవైపు తిరిగేరు. లచ్చి లేచొచ్చేసింది. వేపమండ కింద, గోడ పట్టుకుని, తూలుతూ నిలబడింది. ముఖమంతా పొక్కులు, కొన్ని పగిలి నల్లబడుతున్నాయి.

"లోపలికి నడు తల్లీ, గాలి తగలకూడదు" అని దుర్గమ్మ పరుగెత్తబోయింది.

"ఉండు మామ్మా, తాతనొకటడగాలి." లచ్చి దడివైపు చూసింది. "తాతా, నా ముఖం కూడా నీలాగే అయిపోతుందా? గుంటలు పడిపోతాయా?"

బంగారరాజు చెయ్యి తన బుగ్గమీదికి పోయింది.

"నీకంటే బాంబు తగిలింది. మెడల్ ఇచ్చేరు. నాకు ఊరికే పోసింది. నాకెవరూ ఏం ఇవ్వరు. బళ్ళో నన్ను చూసి నవ్వుతారు." అంటూనే వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూ బుగ్గ గీరుకోబోయింది.

బంగారరాజు కుర్చీలోంచి లేచేడు. దడికున్న తడిక తీసేడు.

"మావయ్యా, వెళ్ళకు! నీకు పోయలేదు!" శివ చెయ్యి పట్టుకున్నాడు.

"నాన్నా, వద్దు! ఈ వయసులో వస్తే..." మమత అడ్డమొచ్చింది.

ఆయన శివ చెయ్యి విడిపించుకున్నాడు, కూతుర్ని పక్కకి జరిపేడు. బూట్లు విప్పేడు. గుమ్మం దగ్గర గాబులో పసుపునీళ్ళతో కాళ్ళు కడుక్కుని, వేపమండ కిందనుంచి తల వంచి లోపలికి వెళ్ళేడు. పిల్లని ఎత్తుకుని గడపమీద కూచుని, గీరబోతున్న ఆ చిన్న చేతిని తీసుకుని తన బుగ్గమీద పెట్టుకున్నాడు.

"నవ్వరమ్మా. నావీ ఇవే. నన్ను చూసి ఎవరైనా నవ్వేరా?"

ఎంత చిన్నగా అన్నాడో. గుసగుసలకి అలవాటుపడ్డ ఇల్లు కదా, అందరికీ వినపడింది.

లచ్చి ఏడుపు ఆపి తాత బుగ్గమీద గుంటల్ని వేలితో తడిమింది. మమత రెండు ముఖాల్నీ పక్కపక్కన చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"నీకెప్పుడూ పోయలేదన్నావుగా నాన్నా" అంది చివరికి.

బంగారరాజు పిల్ల జుట్టు సవరించేడు.

"ఎప్పుడు పోసింది?"

"చిన్నప్పుడెప్పుడో అయ్యుంటుందిలేమ్మా" అన్నాడు సింహాద్రి గబగబా. "మీ నాన్నకి మాత్రం ఏం గుర్తుంటుంది? పిల్లకి బొండం పట్టు, వేడెక్కిపోతోంది."

దుర్గమ్మ మొగుడివంక చూసింది. మళ్ళీ! తన సొమ్ము తను పారేసుకుని, ఇంకొకడి పరువుకి ఇంకా కాపలా కాస్తున్నాడు. మద్రాసు రేవులో ఎలా గుటకలు మింగేడో ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో ఒక సంగతి, ఇన్నేళ్లూ ఎన్నడూ తోచనిది, తళుక్కున తోచింది. ఒట్టేసింది ఆయన. తను కాదు.

లోపలున్న తల్లికి మనసులోనే దణ్ణం పెట్టుకుంది. తప్పయితే నామీద చూపించు, పిల్లమీద కాదు, అనుకుంది.

"చిన్నప్పుడు కాదు" అంది దుర్గమ్మ. "మా పెళ్ళప్పుడు. ఇంకా పందిరి విప్పలేదు. వలల పాకలో పడుకోబెట్టి వేపాకు విసిరింది నేనే."

"దుర్గా!" అన్నాడు సింహాద్రి. బంగారరాజు కళ్ళు మూసుకున్నాడు.

శివకి ఇంకా అర్థం కాలేదు, అటూ ఇటూ చూస్తున్నాడు. మమతకి అర్థమైపోయింది. అత్తమామల పెళ్ళిరోజు ప్రతి ఏడూ కేకు తెచ్చేది ఆ పిల్లే. ఓడ ఏ నెలలో కదిలిందో అర్జీలో కొట్టిందీ ఆ పిల్లే. రెండూ ఒకటే నెల.

ఫోను తెర వెలిగించింది. 'ఎవరి బదులు' అన్నచోట గడి ఖాళీగా ఉంది. వేలు దానిమీదికి వెళ్ళి ఆగింది.

గడపమీద కన్నతండ్రి. ఒళ్ళో కూతురు. తండ్రి మాట్లాడడేం, వద్దనడేం అని చూసింది. ఆయన వద్దనలేదు. రాయమనీ అనలేదు.

మమత దుర్గమ్మ వైపు తిరిగింది. ఈసారి గొంతు గుసగుస కాదు.

"చెప్పు అత్తయ్యా. మా నాన్న పేరు నా చేత్తో రాయనా?"